అగ్రికోలో మూడు రోజులు: ట్రైపాడా? లెన్సులోని స్థిరీకరణా?

పొలం పనికి వాడే పారమీదనో, గునపంమీదనో 'టాటా అగ్రికో' అన్న ముద్రను మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ పేరుతోనే జంషెడ్‌పూర్ నగరంలో ఒక పేట కూడా ఉన్నదన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. 1920వ దశకంలో వ్యవసాయ పనిముట్ల తయారీకై ఇక్కడ వెలసిన కంపెనీ పేరుకు సంక్షిప్త రూపమే 'అగ్రికో'. ఆ పనిముట్ల పేరు దేశమంతటా పాకింది. పేటకు కూడ అదే స్థిరపడిపోయింది.

జంషెడ్‌పూర్ చరిత్రను మన పాఠకులకు విపులంగా చెప్పనవసరం లేదు. ఉక్కుతో సంబంధం ఉన్నవారందరికీ అది పుట్టింటి కథవంటిదే. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడటం, సాక్చీ అనే పల్లె చెంత కర్మాగారం లేవడం, 1912లో అక్కడ తొలి ఉక్కు దిమ్మ తయారు కావడం, 1919లో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరిట జంషెడ్‌పూర్ అని నామకరణం చేయడం మనం ఎరిగినవే. నాటి కాలీమాటి స్టేషనే నేటి టాటానగర్. 2000 నవంబరు 15 వరకు బీహారులో ఉన్న ఈ నగరం ఆనాటి నుండి జార్ఖండ్ రాష్ట్రానిదైనది.

మన తెలుగువారికి కూడ ఈ నగరం పరాయిది కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై తరలివచ్చి, కొలిమి వేడిమిలో తరాలు గడిపిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్‌లో మనవారు నెలకొల్పుకొన్న శ్రీరామ మందిరంలో అడుగుపెడితే చెవిన పడేది అచ్చమైన ఉత్తరాంధ్ర తెలుగే. మా తోడల్లుని కుటుంబం అటువంటిదే. ఆయన తండ్రిగారు శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి ఇక్కడి ఉద్యోగంలో చేరారు. కుమారుడు కూడ ఈ నగరంలోనే ఉద్యోగి అయినాడు. అగ్రికోలోని క్వార్టరులో వారు ముప్పయి రెండేళ్ళుగా కాపురముంటున్నారు.

ఈ ఏప్రిల్ నెలాఖరుకు ఆయన పదవీ విరమణ. ఆ తరువాత క్వార్టరు తాళాలు అప్పగించి, విశాఖలో కొనుక్కొన్న ఫ్లాటుకు తరలిపోవాలి. ఉద్యోగుల కాలనీలలో నివసించే మనందరికీ ఈ ఘట్టం ఎటువంటిదో తెలుసు. ఇల్లు మనది కాదని మొదటినుండీ తెలిసినా, పిల్లలు పుట్టి పెరిగిన గోడలు, మన చేతులతో నాటిన జామచెట్టు మనవి కావని ఒక తేదీ వచ్చి చెప్పేవరకు మనసుకు పట్టదు. "ఇల్లు ఖాళీ చేసేలోగా ఒకసారి వచ్చి, మంచి ఫొటోలు తీసి పెట్టండి బావగారూ" అని మా మరదలు కోరడంతో, మార్చి మొదటి వారంలో మా శ్రీమతితో కలిసి మేము టాటానగర్ రైలెక్కాము. మా సంచిలో కంపన నివారణ గల 24–120 మి.మీ. లెన్సు, డిజిటల్ కెమెరా ఉన్నాయి. వాటితోపాటు రెండు కిలోల అల్యూమినియం ట్రైపాడ్ కూడ ఉన్నది. "లెన్సులోనే అన్ని సదుపాయాలు ఉండగా ఈ కర్రల మోత ఎందుకు?" అని ప్రయాణమంతా మా శ్రీమతి ప్రశ్న. ఆ ప్రశ్నకు మూడు రోజులలో లభించిన సమాధానమే ఈ వ్యాసం.

చిత్రం ఎందుకు చెదురుతుంది?

ఫోకస్ సరిగా కుదిరిన తరువాత కూడ చిత్రం మసకబారడానికి రెండు ప్రధాన కారణాలు ఉన్నాయి. ఒకటి కెమెరా కదలడం, రెండవది ఎదుటి వస్తువు కదలడం. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోవడమే చాలా వాదోపవాదాలకు మూలం.

కెమెరా కదలిక ఎంత స్వల్పమైనా చిత్రంపై దాని ప్రభావం అల్పం కాదు. 120 మి.మీ. లెన్సును ఒక డిగ్రీలో నూరవ వంతు మాత్రమే పక్కకు తిప్పినామనుకొందాము. సెన్సారుపై బింబం సుమారు 0.02 మి.మీ. జరుగుతుంది. 35 మి.మీ. ఫిల్ము పరిమాణం గల 24 మెగాపిక్సెల్ సెన్సారులో ఒక్కొక్క బిందువు వెడల్పు 0.006 మి.మీ. కనుక ఆ చిన్న కదలికకే బింబం మూడు బిందువుల మేరకు అలుక్కుపోతుంది. అందుచేతనే పెద్దలు ఒక సులభ సూత్రం చెప్పారు: చేతితో పట్టుకొని తీసేటపుడు షట్టరు వ్యవధి, లెన్సు నాభ్యంతరాన్ని హారంగా వేసిన భిన్నం కంటె ఎక్కువ ఉండరాదు. అంటే 50 మి.మీ. లెన్సుకు సెకనులో 50వ వంతు, 120 మి.మీ.కు సుమారు 125వ వంతు.

ఈ హద్దును జరపడానికి వచ్చినదే స్థిరీకరణ. 1994లో నికాన్ సంస్థ జూమ్ 700 వీఆర్ అనే చిన్న కెమెరాలోను, 1995లో కేనన్ సంస్థ 75–300 మి.మీ. ఎస్‌ఎల్‌ఆర్ లెన్సులోను దీనిని ప్రవేశపెట్టాయి. లెన్సులో అమర్చిన సూక్ష్మ జైరోలు చేతి కంపనాన్ని క్షణక్షణం కొలుస్తాయి. ఆ కొలతను బట్టి విద్యుదయస్కాంత ప్రేరణతో ఒక గాజు సముదాయం ఎదురు దిశలో జరిగి, బింబాన్ని సెన్సారుపై నిలిపి ఉంచుతుంది. మన కర్మాగారాలలోని ఫీడ్‌బ్యాక్ నియంత్రణ వంటి ఏర్పాటే ఇది, కాకపోతే అరచేతిలో ఇమిడేటంత. 2003లో మినోల్టా సంస్థ డైమేజ్ ఏ1 కెమెరాలో గాజుకు బదులు సెన్సారునే కదిలించే పద్ధతిని తెచ్చింది. 1995 నాటి ఆ లెన్సు రెండు స్టాపుల లాభం ఇచ్చేది. అంటే షట్టరును నాలుగు రెట్లు ఎక్కువసేపు తెరచి ఉంచవచ్చునన్నమాట. నాలుగు స్టాపులైతే పదహారు రెట్లు. ఈనాటి ఉత్తమ పరికరాలకు తయారీదారులు ఇంకా ఎక్కువే చెబుతున్నారు.

ఇక ట్రైపాడ్ కథ ఛాయాచిత్రకళ పుట్టినంత పాతది. హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ కాలంలో పెద్ద గాజు పలకలపై చిత్రాలు తీసేవారు. బరువైన ఆ కెమెరాలకు ముక్కాలి ఆధారమే గతి. కాలం మారినా ఆ మూడు కాళ్ళ ప్రయోజనం ఎంతవరకు నిలిచి ఉన్నదో పరీక్షించడానికి జంషెడ్‌పూర్ మాకు చక్కని ప్రయోగశాల అయినది.

సువర్ణరేఖ ఒడ్డున

మొదటి రోజు తెల్లవారకముందే మా తోడల్లుని స్కూటరుపై సాక్చీ మీదుగా సువర్ణరేఖ తీరానికి చేరుకొన్నాము. నదికి ఆవల దల్మా కొండల వరుస నల్లని గీతవలె కనిపిస్తూ ఉంది. ఆ కొండలు ఏనుగుల అభయారణ్యం. ఫాల్గుణ మాసపు చలి ఇంకా పూర్తిగా వదలలేదు. తూర్పున వెలుగు చాలనందున ఐఎస్ఓ 100, ఎపర్చరు ఎఫ్/8 వద్ద మీటరు చూపిన షట్టరు వ్యవధి సెకనులో ఎనిమిదవ వంతు.

మా లెన్సుకు నాలుగు స్టాపుల లాభం కలదని తయారీదారు మాట. 120 మి.మీ. వద్ద 125వ వంతు నుండి నాలుగు స్టాపులు దిగితే సరిగ్గా ఎనిమిదవ వంతే. ఊపిరి బిగబట్టి, మోచేతులను పక్కటెముకలకు ఆనించి, చేతితో పది చిత్రాలు తీశాము. తరువాత ట్రైపాడ్‌పై నిలిపి మరొక పది. సాయంత్రం కంప్యూటరు తెరపై పెద్దవి చేసి చూడగా, చేతితో తీసిన వాటిలో సగానికి తక్కువే నికరంగా నిలిచాయి. ట్రైపాడ్‌పై తీసిన పదీ ఒకదానివలె ఒకటి ఉన్నాయి. స్టాపుల లెక్క సంభావ్యతకు సంబంధించినదే గాని హామీ పత్రం కాదని ఇందువల్ల తేటతెల్లమైనది.

నది నీటిని పాలవలె నునుపుగా చూపదలచి ఎపర్చరు బిగించి, షట్టరును రెండు సెకన్లు తెరచినపుడు మాత్రం మా లెన్సు స్థిరీకరణ చేతులెత్తేసింది. అక్కడ ట్రైపాడ్‌కు పోటీయే లేదు. దీర్ఘ వ్యవధులలో జైరోలకు మరొక చిక్కు కూడ ఉన్నది. మన కాళ్ళ కింది భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతున్నది కదా! అతి సున్నితమైన జైరో ఆ భ్రమణాన్ని కూడ చేతి కదలికగా ఎంచి సవరించబోయే అవకాశం ఉంది. ట్రైపాడ్ అయితే నదితోను, కొండతోను, భూమితోను కలిసి తిరుగుతుంది కనుక దానికి ఆ బాధ లేదు.

అయితే మూడు కాళ్ళు నేలపై పెట్టినంత మాత్రాన పని ముగియదు. నదీతీరపు ఇసుకలో కాళ్ళను గట్టిగా దింపి కూర్చోబెట్టాలి. కాళ్ళలో లావుపాటి గొట్టాలను ముందు సాగదీసి, సన్నవాటిని అవసరమైతేనే వాడాలి. కొలతలన్నీ అదే పాళ్ళలో తగ్గి గొట్టం వ్యాసం సగమైతే, వంపుకు ఎదురు నిలిచే శక్తి పదహారవ వంతుకు పడిపోతుందని యంత్రశాస్త్రం చదివిన వారికి వేరే చెప్పాలా? నడిమి స్తంభాన్ని పైకి లేపడం కూడ మంచిది కాదు. అది ఒంటికాలి స్తంభం వంటిది; పొడవు రెట్టింపైతే కొస ఊగిసలాట ఎనిమిది రెట్లు. షట్టరును వేలితో నొక్కక రెండు సెకన్ల టైమరు వాడాలి. అద్దం గల కెమెరా అయితే అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచాలి. పాత తరం స్థిరీకరణ లెన్సులను ట్రైపాడ్‌పై ఉన్నపుడు ఆపివేయడం క్షేమం. లేని కంపనాన్ని వెదకుతూ అవే కంపనాన్ని కల్పించగలవు.

జూబిలీ పార్కు దీపాల నడుమ

రెండవ రోజు మార్చి 3, జంషెడ్జీ టాటా జయంతి. ఉక్కు కంపెనీ ఏబది ఏండ్ల పండుగకు గుర్తుగా నిర్మించిన జూబిలీ పార్కును 1958లో నెహ్రూగారు ప్రారంభించారు. ఏటా వ్యవస్థాపకుని జయంతికి ఆ పార్కంతా విద్యుద్దీపాలతో వెలిగిపోతుంది. నగరమంతా అక్కడికే తరలివస్తుంది. చంటిపిల్లలను భుజాలకెత్తుకొన్న తండ్రులు, చేయీ చేయీ పట్టుకొని బారులు తీరిన అక్కచెల్లెళ్ళు, పల్లీలు, బుడగలు అమ్మేవారు. అడుగు తీసి అడుగు వేయడమే కష్టం.

ట్రైపాడ్‌ను విప్పే ప్రయత్నం కూడ చేయక, మడిచి మా తోడల్లుని చేతికిచ్చాము. అంత జనసమ్మర్దంలో ముక్కాలిని నిలబెడితే ఎవరో ఒకరు తట్టుకొని పడతారు. మన చిత్రం కోసం పరుల కాలు విరగరాదు. స్థిరీకరణ తన విలువను చాటుకొన్నది ఇక్కడనే. 24 మి.మీ. వద్ద సెకనులో నాలుగవ వంతుకు తీసిన చిత్రాలలో దీపతోరణాలు, చెట్ల కొమ్మలు, ఫౌంటెను గట్లు చెక్కినట్లు వచ్చాయి. జనం మాత్రం నీడలవలె, ప్రవాహంవలె చెదిరారు. దీపాలు కదలలేదు, జనం కదిలారు. యంత్రం మా చేతిని సవరించింది గాని వారి నడకను ఎట్లా సవరించగలదు?

ఆ ప్రవాహం కావాలనుకొంటే అదొక అందమే. జనం ముఖాలు స్పష్టంగా కావాలంటే మార్గం వేరు: ఐఎస్ఓను 3200కు పెంచి, ఎపర్చరును పూర్తిగా తెరచి, షట్టరును 60వ వంతుకో, 125వ వంతుకో చేర్చడం. చిత్రంలో కొంత నలుసు కనిపిస్తుంది. నలుసు ఉన్నా ముఖం ముఖమే. చెదిరిన ముఖం ఎవరిదో తెలియదు.

అగ్రికో ఇంటి వరండాలో

మూడవ రోజు మేము వచ్చిన అసలు పనికి పూనుకొన్నాము. అగ్రికో పేట సిద్‌గోడా, భాలూబాసా, గోల్మురి పేటల పొరుగున ఉంటుంది. చెట్ల నీడ పరచుకొన్న దారులు, పెరడుగల క్వార్టర్లు, సాయంత్రమైతే పిల్లల క్రికెట్ కేకలు. మన కాలనీలోనే ఉన్నామన్న భ్రమ కలిగినా ఆశ్చర్యం లేదు.

ఇంటి వెలుపలి చిత్రాన్ని అసురసంధ్య వేళకు నిర్ణయించాము. ఆకాశంలో నీలిమ, ఇంటిలో దీపకాంతి సమానమయ్యే సమయం పది పదిహేను నిమిషాలకు మించి నిలవదు. ట్రైపాడ్‌ను ముందుగానే వీధి అంచున నాటి, గోడల నిలువు గీతలు వంగకుండా సరిచూసుకొని ఎదురు చూశాము. ట్రైపాడ్ చేసే మరొక మేలు ఇది. అది కెమెరాను ఎట్లాగూ నిలుపుతుంది, మనిషిని కూడ నిలుపుతుంది. చట్రంలో ఏమున్నదో తీరికగా చూడనిస్తుంది. అట్లా చూసినందువల్లనే గేటు పక్కన పాతబడిన పేరు పలక, తలుపు మీది వాడిన మామిడాకుల తోరణం, గోడపై పిల్లల ఎత్తు కొలిచిన గీతలు మా దృష్టికి వచ్చాయి. దారిలో భారీ లారీ పోయినపుడు నేల అదిరేది. అది దాటిపోయేవరకు ఆగి, రెండు సెకన్ల వ్యవధితో చిత్రం తీశాము. దానిలో ఆ గీతల పక్కన పెన్సిలుతో వ్రాసిన తేదీలు కూడ చదువుకోవచ్చును.

ఇక మిగిలినది ఇంటి పెద్దావిడ చిత్రం. మా తోడల్లుని తల్లిగారికి ఎనభై ఆరేండ్లు. వార్ధక్యం వల్ల తలా, చేతులూ సన్నగా వణుకుతుంటాయి. ఆమె వరండాలో చేట ముందు పెట్టుకొని బియ్యం ఏరుతున్నారు. మా ట్రైపాడ్‌ను చూచి, "ఏటి బాబూ, ఆ మూడుకాళ్ళ పీట? కూకోడానికా?" అని నవ్వారు.

కెమెరాను ట్రైపాడ్‌పై ఉంచి నాలుగవ వంతు సెకనుకు మొదటి చిత్రం తీశాము. స్తంభం, గోడ, చేట అంచు అన్నీ స్పష్టమే. ఆమె ముఖమూ చేతులూ మాత్రం చెదిరాయి. స్థిరీకరణతో చేత పట్టుకొని తీసినా ఫలితం అదే. వణుకు మా చేతిది కాదు. ఎంత ఖరీదైన జైరో అయినా ఎదుటివారి వణుకును కొలవలేదు. అప్పుడు ఆమెను బ్రతిమాలి పీటను వెలుతురు బాగా పడే వరండా అంచుకు జరిపించాము. ఎపర్చరును ఎఫ్/4కు తెరచి, ఐఎస్ఓ 1600 పెట్టగా షట్టరు వ్యవధి 250వ వంతు దొరికింది. ఈసారి కనురెప్పల వెంట్రుకలు కూడ లెక్కించవచ్చును. అక్కడ పని చేసినవి ట్రైపాడూ కాదు, స్థిరీకరణా కాదు. వెలుతురూ, రెండడుగుల జరుగుబాటూ.

రాత్రి అందరమూ కలిసి చిత్రాలను చూసినపుడు, చెదిరిపోయిన మొదటి దానిని తీసివేయబోయాము. మా మరదలు ఆపింది. "అది కూడా ఉంచండి బావగారూ. ఆ చేతులు కదలని రోజు ఈ ఇంట్లో ఏది?" అన్నది. రెండు చిత్రాలనూ ఆల్బంలో ఎదురెదురు పుటలలో అతికించాలని ఆ రాత్రే నిర్ణయమైపోయింది.

ఎంపిక ఎట్లా?

మా అనుభవ సారాన్ని ఛాయాచిత్రాలపై మక్కువ గల సోదర ఉద్యోగుల కోసం ఇట్లా క్రోడీకరిస్తున్నాము.

కెమెరా తీయబోయే ముందు మొదటి ప్రశ్న: కదిలేది ఏది? ఎదుటి వస్తువు కదలక, వెలుతురు తక్కువై, సమయం చాలినంత ఉంటే ట్రైపాడ్‌కు సాటి లేదు. రాత్రి కట్టడాలు, ఉదయపు కొండలు, నునుపైన నీరు, నక్షత్రాలు, ఇంటిల్లిపాదితో మనమూ కలిసి నిలబడవలసిన చిత్రం ఈ కోవకు చెందుతాయి. వస్తువు కదలకపోయినా ట్రైపాడ్ నిలిపే చోటు లేనపుడు స్థిరీకరణ మన పాలిటి వరం. రైలు ప్రయాణాలు, దేవాలయ ప్రాంగణాలు, తిరునాళ్ళు, పెండ్లి పందిళ్ళు ఇటువంటివి. కేంద్ర పురావస్తు శాఖ వారి రక్షిత కట్టడాలలో ట్రైపాడ్ వాడకానికి ముందుగా అనుమతి పొందవలసి ఉంటుందన్నది కూడ యాత్రికులు గుర్తుంచుకోవాలి. కర్మాగారాల పరిసరాలలో అయితే ఏ కెమెరాకైనా అనుమతి తప్పనిసరి. ఆ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎదుటివారే కదులుతున్నపుడు, అంటే ఆడుకొనే పిల్లలు, నాట్యం, వణికే వృద్ధుల చేతులు వంటివి తీసేటపుడు, షట్టరు వేగమూ, వెలుతురూ తప్ప వేరే మందు లేదు.

చేతిలో ఫోను మాత్రమే ఉన్నవారు నిరాశ చెందనవసరం లేదు. ఈనాటి ఫోన్లు పెక్కింటిలో స్థిరీకరణ ఉన్నది. రాత్రి వేళల్లో ఇవి వెంటవెంటనే అనేక చిత్రాలు తీసి, ఒకదానిపై ఒకటి సరిపేర్చి కలుపుతాయి. అయినా ఫోనును గోడకో, కిటికీ గట్టుకో ఆనించి తీసి చూడండి; తేడా మీకే తెలుస్తుంది. ట్రైపాడ్ కొనదలచినవారు బరువు తక్కువని మరీ సన్నకాళ్ళ దానిని ఎన్నుకోరాదు. కాళ్ళన్నీ సాగదీసి, పైతలను వేలితో తట్టి చూడాలి. అదురు ఎంత త్వరగా అణగిపోతే ఆ ట్రైపాడ్ అంత మేలైనది.

జంషెడ్‌పూర్ వెళ్ళదలచిన వారికి ఒక మాట. టాటానగర్ స్టేషను హౌరా – ముంబయి ప్రధాన మార్గంలో ఉన్నది. మార్చి 3 నాటికి చేరుకొనేటట్లు ప్రయాణం పెట్టుకొంటే జూబిలీ పార్కు దీపాలను చూడవచ్చును. సువర్ణరేఖ, ఖర్‌కాయి నదులు కలిసే దోముహానీ, దిమ్నా సరస్సు కూడ తప్పక చూడదగినవి. అన్నిటికంటె ముఖ్యంగా, మనలో పదవీ విరమణ దగ్గర పడినవారు క్వార్టరు తాళాలు అప్పగించే ముందటి వారం దాకా ఆగకుండా, ఈ ఆదివారమే ఇంటి ముందు ఒక ట్రైపాడ్ నిలపండి. సామాను కట్టడం మొదలైన తరువాత గోడలమీద గీతలు ఎవరికీ కనిపించవు. ట్రైపాడ్ లేకుంటే ప్రహరీ గోడ ఉన్నది. దానిమీద కెమెరాను ఆనించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా నొక్కండి.